చిలక్కొయ్యకు తడి మూట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పుండు పడిన మనిషికి పులుపు చూపించేవాళ్లు కాదు. చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ, చివరికి గోంగూర పేరు కూడా ఎత్తకూడదు. పులుపు తింటే పుండు చీము పడుతుందని మా జేజి నమ్మకం. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. ఆమె నమ్మకమే మా ఇంటికి శాసనం. ఊళ్లో అందరి జేజిలదీ అదే మాట కాబట్టి ఎదురు అడిగినవాళ్లు లేరు. కావాలంటే ఈ రోజుకీ మా సీమలో కుట్లు పడినవాడి విస్తట్లో నిమ్మకాయ బద్ద పెట్టి చూడండి, ఇంట్లో ఆడవాళ్లంతా ఒక్కటై మీ మీదికి వస్తారు. నేను చాలా ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను. విటమిన్ సి పాఠం వచ్చినప్పుడల్లా చెప్పాల్సింది చెప్పి, నల్లబల్ల వైపు తిరిగి కాసేపు ఊరికే నిలబడేదాన్ని. టీచరమ్మ బొమ్మ వేయబోతోందని పిల్లలు అనుకునేవాళ్లు. నాకు మాత్రం మా నాయన కాలు గుర్తొచ్చేది.

మాది కోయిలకుంట్ల అవతల ఒక చేనేత ఊరు. ఒకప్పుడు ఒకటిగా ఉన్న ఇంటిని నడిమధ్యన మట్టిగోడ పెట్టి రెండు చేశారు. ఒక సగంలో మేమూ మా జేజీ. రెండో సగంలో మా పెదనాయన ఒక్కడే. ఆయన భార్య పెళ్లయిన కొత్తల్లోనే పోయిందట, మళ్లీ చేసుకోలేదు. ఈ పక్క మా నాయన మగ్గం, ఆ పక్క ఆయన మగ్గం. పొద్దున లేస్తే రెండు మగ్గాలూ ఒకదానికొకటి బదులు చెబుతున్నట్టు మోగేవి. మనుషులు మాత్రం మాట్లాడుకునేవాళ్లు కాదు.

ఆ గోడ ఎందుకు లేచిందో నాకు ఊహ తెలిసేసరికే అది పాత కథ. మా నాయనకు పని నేర్పింది ఆయన అన్నే. నేర్పినవాడు మహా కోపిష్టి. ఒకనాడు మా నాయన చీర అంచులో ఏదో తప్పు వేశాడు. అన్న చూసి, చేతిలో ఉన్న నాడెను విసిరేశాడు. పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే ఆ కొయ్యముక్కకు రెండు కొసలా ఇనుప ముక్కులుంటాయి. అది వచ్చి మా నాయన ముంగాలి మీద ఎముక కనపడేంతగా చీల్చింది. దెబ్బ తగిలింది కాలికే గాని, నలుగురి ముందర తగిలిందన్న బాధ ఎక్కువైంది. రక్తం కారుతుండగానే మా నాయన ఒట్టు వేశాడట: "నేను బతికుండగా నీ చేతిది గింజ గూడా నా నోట్లోకి పోదు." ఆ మాటకు కట్టుబడి గోడ కట్టారు. కాలు మానింది. నిలువుగా తెల్లటి మచ్చ మిగిలింది. చిన్నప్పుడు నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఆ మచ్చ మీద వేలితో రాసి ఆడుకునేదాన్ని.

తరవాత ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఆ మరుసటి ఏడూ అంతే. చేలల్లో పచ్చి ఆకు అన్నది లేకుండా పోయింది. జొన్న సంకటి, దాని మీదికి ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ నూరిన కారం, ఇదే తిండి. మా పిల్లల సంగతి వేరు. మేము గాలికి తిరిగేవాళ్లం. వంకల వెంబడి రేగుపండ్లు, సీమచింతకాయలు, ఎండకు ఓర్చుకుని నిలబడిన చింతచెట్ల చిగురు, ఏది దొరికితే అది నమిలేవాళ్లం. ఇంటికి వస్తే దొంగ తిండి తిన్నారని తిట్లు పడేవి. ఆ దొంగ తిండే మమ్మల్ని కాపాడిందని నాకు చాలా కాలానికి గాని తెలియలేదు.

మా నాయన రోజంతా మగ్గం గుంతలో కూర్చునే మనిషి. ఆయనకు ఆ చలికాలంలో విషజ్వరం తగిలింది. జ్వరం పోయినా మా జేజి పథ్యం విడిపించలేదు. గంజి, ఉప్పు, సంకటి, కారం. కూరగాయ లేదు, ఆకు లేదు, పులుపు లేదు. ఇంటికి దిక్కయిన కొడుకు కదా, ఒక వారం ఎక్కువ పథ్యం చేస్తే పోయేదేముంది అనుకుంది. అలా వారాలు నెలలయ్యాయి. ముందు ఆయనకు ఒళ్లంతా నీరసం. మెట్టు ఎక్కితే ఆయాసం. తరవాత పండ్లు తోముకుంటే పుల్ల ఎర్రబడటం మొదలైంది. చిగుళ్లు వాచి నల్లబడ్డాయి. ఆ తరవాత ఒక పొద్దున మా అమ్మ నూలు కండెలు చుడుతున్నది చుడుతున్నట్టే ఆపి ఆయన కాలు వైపు చూసింది. ఎన్నడో మానిపోయిన ఆ తెల్ల మచ్చ ఎర్రబారి, పాత కుట్టు విప్పినట్టు విచ్చుకుని ఉంది.

కొత్త దెబ్బ లేదు, ముల్లు గుచ్చుకోలేదు. మానిన గాయం దానంతట అదే తెరుచుకుంది. ఊరికి ఇంతకంటే ఏం కావాలి? అన్న ఉసురు తగిలిందన్నారు కొందరు. తోడబుట్టినవాడి మీద వేసిన ఒట్టు ఊరికే పోతుందా అన్నారు మరికొందరు. చేయెత్తి కొట్టినవాడు గోడ అవతల నిక్షేపంగా ఉంటే, దెబ్బ తిన్నవాడికి ఉసురు తగలడమేమిటని ఒక్కరికీ తోచలేదు. ఊరి న్యాయం ఎప్పుడూ అంతే. ఆ మాటలన్నీ మా పెదనాయన చెవిన కూడా పడే ఉంటాయి. మట్టిగోడకు చెవులేమిటి, కళ్లూ ఉంటాయి.

పుండు పడింది కనుక మా జేజి పథ్యాన్ని ఇంకా బిగించింది. పుండు ఇంకా పెద్దదైంది. ఊళ్లో మందులిచ్చే ఆయన పొడి చల్లాడు, పసరు కట్టాడు, చివరికి పెదవి విరిచి, మోకాలి కింద తీసేయాల్సి వస్తుందేమో పట్నం తీసుకుపొమ్మన్నాడు. మగ్గం అంటే చేతులతో నేసేది అనుకుంటారు చూసేవాళ్లు. సగం నేత కాళ్లది. గుంతలో కింద చెక్కలు తొక్కితేనే పైన పడుగు విడిపోయి దారి ఇస్తుంది. కాలు పోయిన నేతగాడు ఏం చేస్తాడు? ఆ మాట విన్న రోజు మా నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మా పక్క మగ్గం ఆగిపోయింది. ఆ పక్క మగ్గం మాత్రం మోగుతూ ఉంది, అదీ మునుపటిలా కాదు. కాసేపు ఆడి ఆగుతుంది, చాలాసేపటికి మళ్లీ ఆడుతుంది. ఒక రోజైతే పొద్దుటి నుంచి రాత్రి దాకా అసలు చప్పుడే లేదు. ఆయన ఊళ్లో లేడని తరవాత తెలిసింది.

మా రెండు సగాలకూ వెనక ఒకే పెరడు. ఆ పెరటి వెనక దూదేకులవాళ్ల ఇల్లు. దూది ఏకి పరుపులు కుట్టే తురకలు వాళ్లు, మాట మాత్రం మా మాటే. ఆ ఇంటి కోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు రెండు మేకలుండేవి, వాటికోసమే నేను అక్కడ సగం రోజు గడిపేదాన్ని. పెదనాయన మగ్గం మోగని ఆ రోజు తరవాత కొన్నాళ్లకు, ఒక పొద్దున ఆ వెనకింటి అక్క ఒక గిన్నెతో మా ఇంటికి వచ్చింది. గిన్నెలో ఉలవలు. నానబోసి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించినవి. ఒక్కొక్క గింజకూ వేలిగోరంత తెల్లటి మొలక. కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరు చెప్పిన మందు, రోజూ పెట్టండి, నేనే తెచ్చిస్తానంది. జేజి ఒక గింజ నోట్లో వేసుకుని చూసింది. పులుపు లేదు. వండినదీ కాదు కనుక, వాళ్ల చేతి నుంచి తీసుకోవడానికి ఆ రోజుల్లో ఉండే పట్టింపు కూడా అడ్డు రాలేదు. మా జేజి శాసనంలో ఎక్కడా ఉలవల ప్రస్తావన లేదు. అందుకని సరే అంది.

సరే అని ఏం చేసింది? కొడుకు చిగుళ్లు నొప్పి కదా, పచ్చి గింజ ఎలా నములుతాడని, మెత్తగా అయ్యేదాకా ఉడకబెట్టి గుగ్గిళ్లు చేసి పెట్టింది. రోజూ అదే. ఎంత ప్రేమగా ఉడకబెట్టేదో, పక్కనే కూర్చుని పొయ్యి చల్లారకుండా చూసుకునేది. కాలు మాత్రం ఉన్నచోటే ఉంది, పైగా వాసన వేయసాగింది. ఒకనాడు అక్క మేకలకు నీళ్లు పెడుతూ, మీ నాయనకు ఎట్లుండాదని నన్ను అడిగింది. జేజి గుగ్గిళ్లు బాగా చేస్తోందని చెప్పాను. ఆమె చేతిలోని కుండ కింద పెట్టి, ఉడకబెట్టొద్దని ముందే చెప్పకపోతినే అంటూ, తడిచేతులతోనే మా ఇంటికి నడిచింది.

"జేజీ, పొయ్యి మీదికి పోతే దీంట్లో మందు చచ్చిపోతాది. పచ్చిదే తినాల," అంది.

"పచ్చియి గొడ్లు తింటాయి గానీ మనుషులు తింటారా మే?" అంది మా జేజి.

"గొడ్డు మాదిరే తిననీ జేజీ. కాలుంటే సాలు గదా."

అంత మాట మా జేజితో ఎవరూ అనగా నేను వినలేదు. జేజి పొయ్యిలోని కట్టె వెనక్కి లాగింది. మరునాటి నుంచి మా అమ్మ మొలకలను రోట్లో కచ్చాపచ్చాగా దంచి, చిటికెడు ఉప్పు వేసి, మా నాయనకు ముద్దలు పెట్టింది. ఆయన మొహం చిట్లించి మింగేవాడు. కొన్ని రోజులకే చిగుళ్ల నుంచి రక్తం ఆగింది. ఆయన లేచి గోడకు ఆనుకుని కూర్చోగలిగాడు. పుండు పెరగడం ఆగింది, అంచుల నుంచి కొత్త చర్మం పాకుతూ వచ్చింది. ఎండలు ముదిరే వేళకు పుండు పూడి, పాత మచ్చ ఉన్నచోటే గులాబీ రంగులో మరో మచ్చ పడింది.

మా నాయన మళ్లీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టిన పొద్దు నాకు బాగా గుర్తుంది. ముందు ఒకటీ రెండూ తడబడ్డ చప్పుళ్లు. ఆ పక్క అప్పటికే ఆడుతున్న మగ్గం టక్కున ఆగిపోయింది. ఈ పక్క చప్పుడు కుదురుకునే దాకా ఆ పక్కన నిశ్శబ్దం. ఆ తరవాత అదీ మొదలైంది. మా జేజి కొంగుతో కళ్లు తుడుచుకుని, పొగ అంది. పొయ్యి అప్పటికింకా వెలిగించలేదు.

మొలకలు మాత్రం ఆగలేదు. వాన పడి ఆకుకూర మొలిచేదాకా తినాల్సిందేనని వెనకింటి అక్క రోజూ తెస్తూనే ఉంది. ఆ రోజుల్లో నాకొక సందేహం ఉండేది. అక్క మేకలు ఎండుటాకులూ ఎండుగడ్డీ తప్ప వేరే ఎరగవు. వాటి చిగుళ్లెందుకు రక్తం కారవు? నేను వాటి నోళ్లు తెరిచి చూసేదాన్ని కూడా. అక్కను అడిగితే, దేవుడు మేకకొక రకంగా పెట్టినాడు, మనకొక రకంగా పెట్టినాడు అని నవ్వింది.

వానలు ఇంకా పడలేదు. ఒక పొద్దున మా నాయన మగ్గం మోగుతోంది, అవతలి మగ్గం మోగలేదు. కాస్త పొద్దెక్కాక మా నాయన కూడా ఆపి, చెవి అటు పెట్టి కూర్చున్నాడు. ఊళ్లో లేడేమోలే అనుకున్నట్టు మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆపాడు. అంతలో పెరటి వైపు నుంచి అక్క కేక వినిపించింది. పెదనాయనకు ముందు రోజు నుంచి జ్వరమట, ఎవరికీ చెప్పలేదు. నిద్రలోనే పోయాడు.

జేజి పరుగెత్తింది, మా అమ్మ పరుగెత్తింది, వెనకే నేను. మా నాయన గడప దగ్గర ఆగిపోయాడు. ఆ గడప దాటి ఎన్నేళ్లయిందో. లోపల నులక మంచం మీద మా పెదనాయన, ఒక మగ్గం, ఒక నీళ్లకుండ, ఒక పళ్లెం. గోడకు చిలక్కొయ్య. దానికి ఒక తడి గుడ్డమూట వేలాడుతోంది. విప్పేవాళ్లు లేక మూటలోని మొలకలు గుడ్డను చీల్చుకుని బయటికి వచ్చాయి. తెల్లటి కాడలు పొడుగ్గా సాగి, ఒకటి రెండింటికి లేత ఆకు కూడా విచ్చుకుంది. కరువు ఏడంతా ఆ వీధిలో నేను చూసిన పచ్చదనం అదొక్కటే. మా నాయన చూపు ఆ మూట మీద పడి అక్కడే నిలిచిపోయింది.

అప్పుడు చెప్పింది వెనకింటి అక్క, ఏడుస్తూ. ఆ రోజు మగ్గం ఆపి పెదనాయన కర్నూలు పోయాడట. పెద్దాసుపత్రిలో డాక్టరు ముందు కూర్చుని, కాలికి పుండని చెప్పాడట. చూపించమంటే, చూపించడానికేమీ లేక, "పుండు నా తమ్మునిది సామీ. కొట్టింది నేను," అన్నాడట. డాక్టరు ఇంకేమీ అడగకుండా తమ్ముడు ఏం తింటున్నాడని మాత్రం అడిగాడట. పండ్లూ నిమ్మకాయలూ పెట్టమంటే, మా అమ్మ పుండుకు పులుపు పెట్టనీదు, ఈ కరువులో పండ్లు యాడ తేవాలన్నాడట. అప్పుడు డాక్టరు ఆలోచించి, పండ్లలో ఉండే సత్తువ పొడి గింజలో ఉండదు గాని దాన్ని తడిపి మొలకెత్తిస్తే ఆ మొలకలో పుడుతుంది, ఉడకబెట్టొద్దని చెప్పి పంపాడట. అప్పటి నుంచి తాగే నీళ్లలో మిగిలించి ఉలవలు నానబోసేవాడు ఆయన. పెరటి గోడ మీదుగా అక్కకు అందించేవాడు. నా చేతిదని తెలిస్తే వాడు ఉమ్మేస్తాడు తల్లీ, నీ చేతిదని చెప్పు, అని ఒట్టు పెట్టించుకున్నాడట.

మా నాయన గడప దాటాడు. చిలక్కొయ్య నుంచి మూట దించి, అన్న మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆ పొడుగు మొలకలను పిడికిటితో తీసి నోట్లో పెట్టుకున్నాడు. శవం లేవందే ఆ ఇంట్లో పొయ్యి వెలగకూడదు, ఎవరూ మెతుకు ముట్టకూడదు. అప్పటికే చేరిన పెద్దవాళ్లలో ఎవరో, ఏమప్పా ఇది అన్నారు.

"తిననీండి," అంది మా జేజి. "ఇన్నాళ్లూ వాడు తినింది వీని చేతిదే."

అక్క చెప్పాకే తెలిసిందో, గింజ రుచి చూసిన మొదటి నాడే తెలుసో, జేజి ఎన్నడూ చెప్పలేదు. మా నాయన నములుతూ అన్న మొహంలోకి చూశాడు.

"అన్నా," అన్నాడు, "నీ చేతిదే తింటాండా."

ఆ పిలుపు కోసం ఆ మనిషి ఎన్నేళ్లు గోడకు చెవి పెట్టుకుని కూర్చున్నాడో. అది ఆయన చెవిన పడలేదు. నాకు ఇప్పటికీ దాని మీదే కోపం, దేవుడి మీదో ఎవరి మీదో.

పెద్ద చదువుకు పోయాక మేకల సంగతి తెలిసింది. మేక తనకు కావలసిన విటమిన్ సి తన కాలేయంలోనే తయారు చేసుకుంటుంది. కుక్కా అంతే, ఆవూ అంతే. మనిషి ఒంటికి ఆ విద్య ఎప్పుడో మరుపున పడింది. మనం చేసుకోలేం, ఎక్కువకాలం దాచుకోనూలేం, రోజూ ఎక్కడి నుంచో అందాల్సిందే. ఇంకొకటి కూడా తెలిసింది. ఆ పాఠం విన్న రోజు నేను తరగతిలో తల వంచుకుని ఏడ్చాను. మానిన గాయం మానినట్టే ఉండిపోదు. దాన్ని పట్టి ఉంచే పోగులు ఒంట్లో ఎప్పటికప్పుడు కరిగిపోతుంటాయి, ఎప్పటికప్పుడు కొత్తవి పడుతుంటాయి. విటమిన్ సి లేకపోతే కొత్త పోగు పట్టు నిలవదు. అందుకే ఎన్నో ఏళ్ల కిందటి మచ్చ కూడా విచ్చుకుంటుంది. ఉసురూ కాదు, శాపమూ కాదు. నేతగాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, ఆ సంగతి నాకు ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది.

ఒక్కటి మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆయన తిండీ మా తిండే కదా, సంకటీ కారమూ. మూటలో ఒక్క పిడికెడైనా తాను తినేవాడా? అక్క ఒకసారి, నువ్వూ తిను మామా అంటే, నాకేమే, రాయి మాదిరి ఉండా అన్నాడట. అంతకు మించి తెలియదు. ఆయన పళ్లెం నేను చూశాను గాని అందులో ఏం తినేవాడో పళ్లెం చెప్పదు కదా.

మా నాయన ఆ నడిమి గోడ పడగొట్టించాడు. చిలక్కొయ్యను మాత్రం తీయనివ్వలేదు. బతికినన్నాళ్లూ దానికి తడి మూట వేలాడింది. ఇప్పుడు మా వంటింట్లో కొళాయి పక్కన ఒక మేకుకు వేలాడుతోంది. మాత్రలు దొరుకుతాయి, నిమ్మకాయలున్నాయి, ఈ గింజలెందుకమ్మా అంటుంది నా కూతురు. దాని మాట నిజమే. నేనేమీ వాదించను. రాత్రి గింజలు నానబోసి, మరునాడు మూట కడతాను. మొలక వచ్చిన పొద్దున ముడి విప్పి, పచ్చివే ఒక పిడికెడు నోట్లో పోసుకుంటాను. నానబోసింది నేనే, మూట కట్టిందీ నేనే. అయినా ఇన్నేళ్లలో ఒక్క పొద్దున కూడా అది నా చేతిదనిపించలేదు.